పాటలు వినేదానికి కాదు

తిరువళ్ళూరు బజార్ వీధిలోని కంప్యూటర్ అంగడిలో గుణ ఆ లాప్‌టాప్‌ను అద్దాల బల్ల మీదికి జరిపాడు.

"మొత్తం తుడిచేసి కొత్తగా విండోస్ ఏసినాను. ఇంక యాడా హ్యాంగ్ అయి నిలబడదు, చూడండి," అన్నాడు.

లాప్‌టాప్ రంజనిది. అతను ఆ మాట అన్నది మాత్రం ఆమె పక్కన నిలబడిన తండ్రి ధర్మలింగంతో.

రంజని తిరువళ్ళూరులోనే ఒక ఎయిడెడ్ బడిలో చరిత్ర టీచరు. నాలుగో తరగతిలో ఉండగా వచ్చిన జ్వరం ఆమె చూపును తీసుకుపోయింది. ఆ తర్వాత హాస్టల్లో ఉండి చదివింది, కాలేజీకి పోయింది, బి.ఎడ్. చేసింది, ఉద్యోగం తెచ్చుకుంది. రోజూ తిరుత్తణిలో లోకల్ రైలెక్కి, తెల్ల కర్ర పట్టుకుని ఒక్కతే వస్తుంది, ఒక్కతే పోతుంది. ఆ శుక్రవారం మాత్రం ధర్మలింగం తన మగ్గం మీద నేసిన చీరల మూటను ఇక్కడి జవుళి అంగడిలో ఇవ్వడానికి వచ్చి, కూతురితో కలిసి ఇంటికి పోదామని బడి వదిలే దాకా ఆగాడు. ఆయన పక్కన లేనప్పుడు అందరూ ఆమెతోనే మాట్లాడతారు. ఆయన పక్కనుంటే చాలు, ఆమె అక్కడ లేనట్టే.

రంజని చేయి చాచి, బల్ల అంచు పట్టుకుని, లాప్‌టాప్‌ను తన ముందుకు లాక్కుంది. పవర్ బటన్ నొక్కింది. లోపల ఫ్యాన్ తిరిగింది, పక్క సందుల్లోంచి సన్నటి వేడి గాలి వేళ్ళకు తగిలింది. కాసేపు ఆగి, తెర మీది అక్షరాలను చదివి వినిపించే గొంతును పిలవడానికి మూడు మీటలు కలిపి నొక్కింది. ప్రతి విండోస్‌లోనూ ఆ గొంతు ముందే ఉంటుంది. పలకలేదు. మళ్ళీ నొక్కింది. సౌండ్ పెంచే మీట నొక్కింది. టిక్కుమని కూడా అనలేదు.

"దీన్లో సౌండ్ రావడం లేదు," అంది.

"ఆమా, అవును, సౌండ్ రాదు," అన్నాడు గుణ ధర్మలింగం వైపు తిరిగి. అతని గొంతు ఎటు తిరిగిందో రంజనికి తెలుస్తూనే ఉంది. "బోర్డులో సౌండ్ చిప్ పోయిండాది. మిగతాదంతా సూపర్‌గా ఉండాది. స్క్రీన్ చూడండి, ఎంత బ్రైట్‌గా వస్తాందో."

ధర్మలింగం వంగి చూసి, "అవును, బాగానే ఉండాది," అన్నాడు.

రంజనికి ఒళ్ళు మండింది. "నేను ఇచ్చేటప్పుడు సౌండ్ ఉన్నింది. మధ్య మధ్యలో నిలబడిపోతాంది, దాన్ని చూడమని ఇచ్చినాను. సౌండ్ ఎట్ల పోయింది?"

"ఉన్నిందని మీరు ఎట్ల చూసినారు?"

"చూడలేదు. విన్నాను."

అంగట్లో ఎవరో నవ్వారు. గుణ కూడా నవ్వాడు. పగతో నవ్విన నవ్వు కాదది. ఆ తేలికతనమే ఆమెకు ఎక్కువ నొప్పి కలిగించింది.

"అయ్యా, మీరు చెప్పండి వాళ్ళకి," అన్నాడు అతను ధర్మలింగంతో. "బోర్డు మారిస్తే కొత్త లాప్‌టాప్ అంత అయిపోతాది. పాటలు వినల్లంటే ఫోన్ ఉండాది కదా. దీనికి సౌండ్ ఏమిటికి?"

"పాటలు వినేదానికి కాదు!" రంజని గొంతు పెరిగింది. వీధిలోకి కూడా వినిపించి ఉంటుంది. "సౌండ్ లేకపోతే ఇది నాకు వట్టి పళ్ళెం. మూత ఉండే పళ్ళెం. దీని మీద నేను బడికి పాఠాలు రాస్తాను, మార్కులు ఏస్తాను. ఇప్పుడు పరీక్ష పేపర్ రాయల్ల. మీరు మంచిగా ఉన్నిందాన్ని మూగది చేసి ఇచ్చి, స్క్రీన్ బ్రైట్‌గా ఉండాదంటారు. ఎవరికి బ్రైట్‌గా ఉండాది?"

గుణ కొంచెం తగ్గి, అయినా ఆమెను దాటుకునే, "ఏం అయ్యా, ఈమె లాప్‌టాప్‌లో టైపు చేస్తుందా?" అని అడిగాడు.

"టీచరు కదా తంబీ," అన్నాడు ధర్మలింగం. ఎక్కడ గొడవ అయినా ఆయన గొంతు లోపలికి పోతుంది. "ఏదో రాసుకుంటాది. సరి, ఉండనీ. మళ్ళీ చూస్తాం. పద యమ్మా, రైలు పోతాది."

ఏదో రాసుకుంటాది.

రంజని మూత టప్పున మూసింది. లాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని, కర్ర విప్పి, తండ్రి చేయి పట్టుకోకుండా మెట్లు దిగింది.

రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుణ అన్న మాటలు ఒక్కొక్కటీ మళ్ళీ చెవిలో పడుతున్నాయి. అతని మీద కోపం, నవ్వినవాళ్ళ మీద కోపం, అన్నిటికీ మించి పక్కనే కూర్చుని టవలుతో మొహం తుడుచుకుంటున్న మనిషి మీద కోపం. ఈ మనిషే చిన్నప్పుడు తనను సైకిల్ మీద హాస్టల్‌కు తీసుకుపోయి, గేటు బయట చాలాసేపు నిలబడి ఏడ్చాడని అమ్మ చెప్పేది. ప్రేమకు లోటు లేదు. ఆ ప్రేమ తనకు మాట్లాడే చోటు కూడా మిగల్చదు.

కడంబత్తూరు దాటాక ధర్మలింగం ఫోన్ మోగింది.

"హెడ్‌మాస్టర్ సార్," అన్నాడు ఆయన హడావిడిగా, లేచి నిలబడినంత పని చేసి. "చెప్పండి సార్... ఆ, రైల్లో ఉండాం... ఆమా సార్, రిపేర్ కాలేదు. సౌండ్ పోయిందంట. పెద్ద ఖర్చంట... అట్లనా సార్? అదే మంచిది సార్. ఆ యమ్మికి ఏమిటికి ఆ తొందర. వేరే వాళ్ళకి ఇచ్చేయండి. ఆ, నేను చెప్తాను సార్."

రంజని ఆయన వైపు తిరిగింది. "ఏమిటి నాయనా వేరే వాళ్ళకి ఇచ్చేది?"

"ఏం లేదు. పదో తరగతి చరిత్ర పేపర్ యశస్విని మేడంకి ఇచ్చేస్తారంట. నువ్వు కొంజం రెస్ట్ తీసుకో అన్నాడు. మంచి మనిషి, నీ గురించి ఎంత ఆలోచన చేస్తాడో!"

ఆ బడికి, దాని యాజమాన్యంలోనే ఉన్న మరి కొన్ని బడులకు కలిపి ఒకే ప్రశ్నపత్రం ఉంటుంది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు తయారు చేస్తారు. రంజని చేరినప్పటి నుంచి ఆ అవకాశం ఆమె పక్క నుంచే పోయింది. ఒకసారి కొత్తగా చేరావన్నారు, ఇంకోసారి టైపింగ్ కష్టమన్నారు, మరోసారి ఏ కారణమూ చెప్పలేదు. ఈ ఏడు తానే పోయి అడిగి, అడిగి, సాధించుకుంది. దాన్ని ఇప్పుడు తండ్రి రైల్లో నిలబడి, ఒక ఫోన్ కాల్లో, చిల్లర తిరిగి ఇచ్చినట్టు ఇచ్చేశాడు.

"నాకు ఫోన్ లేదా?" అంది.

"ఉండాది."

"మరి సార్ నీకేమిటికి చేసినాడు?"

"నువ్వు... నీకు ఇబ్బంది ఏమిటికని..."

"నన్ను అడగకుండా నా పని ఎట్ల ఇచ్చేసినావు? నీ మగ్గం మీద ఉండే చీరని నేను ఇంకొకడికి ఇచ్చేస్తే ఊరుకుంటావా? మా నాయనకి వయసైపోయింది, పాపం, రెస్ట్ తీసుకోనీ అంటే నీకు ఎట్లుంటాది?"

ఎదురు బల్ల మీది వాళ్ళ మాటలు ఆగిపోయాయి. ధర్మలింగం "మెల్లగా యమ్మా, అందరూ చూస్తాండారు," అన్నాడు.

"చూడనీ. నాకు కనపడదు కదా."

తిరువాలంగాడులో కొంతమంది దిగారు, కొంతమంది ఎక్కారు. తిరుత్తణి రాగానే రంజని కర్ర విప్పి, తండ్రి కంటే ముందే దిగింది.

ఇంటికి పోయాక రంజని అన్నం తినలేదు. తల్లి సరసమ్మ ఏం జరిగిందని అడిగితే, "నాయన్ని అడుగు. నా తరఫున అన్నీ ఆయనే మాట్లాడతాడు," అని గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

తెల్లవారింది. శనివారం, బడి లేదు. రంజని కాలేజీ స్నేహితుడు గుహన్‌కు ఫోన్ చేసింది. అతనికీ చూపు లేదు. ఆవడిలో ఒక బ్యాంకులో పని చేస్తాడు. జరిగినదంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. అతను మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. చివర్లో మాత్రం గుణను ఒక తిట్టు తిట్టాడు. అప్పటికి ఆమెకు కొంచెం తెరిపి అనిపించింది.

"ఫార్మాట్ చేసిన తర్వాతనే సౌండ్ పోయిందా?" అని అడిగాడు.

"ఆ. ముందర బాగా ఉన్నింది."

"అట్లయితే చిప్ పోయిండదు రంజనీ. డ్రైవర్ ఏసి ఉండడు. సౌండ్ చిప్‌తో ఎట్ల మాట్లాడల్లో విండోస్‌కి నేర్పే చిన్న ప్రోగ్రాం అది. ఒక్కో కంపెనీకి, ఒక్కో మోడల్‌కి ఒక్కోటి. అంతా తుడిచేసినాడు కదా, దాన్ని కూడా తుడిచేసినాడు. తిరిగి పెట్టలేదు."

"వాడు బోర్డు మార్చల్ల అన్నాడే!"

"వాడు చూసి ఉండడు. మనం చూద్దాం. డివైస్ మేనేజర్ అని ఒకటి ఉంటాది, మెషిన్ లోపల ఉండే వస్తువుల పేర్లన్నీ దాంట్లో ఉంటాయి. చిప్ చచ్చిపోయి ఉంటే మామూలుగా దాని జాడే ఉండదు. జాడ ఉంటే బతికుండాదని అర్థం."

జాడ ఉందో లేదో ఎలా తెలుసుకోవడం? లాప్‌టాప్ మూగది. రంజని ఫోన్లో, కెమెరా ముందు ఏ అక్షరాలు పెడితే వాటిని పైకి చదివే ఒక ఆప్ ఉంది. కానీ ఒక చేత్తో ఫోన్ ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో మీటలు నొక్కుతుంటే ఫోన్ కదిలిపోయి, సగం సగం మాటలు చదివింది. రెండు సార్లు గోడ మీది క్యాలెండర్‌ను చదివింది. రంజని ఫోన్‌ను మంచం మీద గిరాటు వేసింది.

తలుపు దగ్గర అలికిడి అయింది. ధర్మలింగం. మగ్గం చప్పుడు పొద్దుటి నుంచి వినపడలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

"నేను పట్టుకోనా యమ్మా?" అన్నాడు.

ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేదు. రంజని మంచం మీద తడిమి, ఫోన్ తీసి ఆయన వైపు చాచింది.

"పట్టుకో. ఏమీ చెప్పొద్దు. పట్టుకో, అంతే," అంది.

ధర్మలింగం ఫోన్‌ను తెర ముందు పట్టుకున్నాడు. జీవితమంతా పోగులు సరిచేసిన చేతులు, వణుకు లేదు. కండెలు చుడుతున్న సరసమ్మ కూడా రాట్నం వదిలేసి వచ్చి కూతురి వెనక నిలబడింది. రంజని మీటలు నొక్కింది. ఫోన్ ఒక్కొక్క పేరే చదువుకుంటూ పోయింది: బ్యాటరీలు, కెమెరా, కీబోర్డులు, మానిటర్లు. సౌండ్ అన్న మాట రాలేదు. ఆ తర్వాత ఫోన్ చదివింది: "అదర్ డివైసెస్. మల్టీమీడియా ఆడియో కంట్రోలర్."

"దాని పక్కన పసుపుపచ్చ గుర్తు ఒకటి ఉండాది," అంది సరసమ్మ. ఆమెకు ఇంగ్లీషు రాదు, రంగులు మాత్రం నూలు కండెల మీద ఎన్నేళ్ళుగానో చూసింది. "ముక్కోణం మాదిరి. లోపల నల్లగా ఒక గీత, కింద చుక్క. తక్కిన వాటికి లేదు."

రంజని ఫోన్ లాక్కుని గుహన్‌కు చెప్పింది.

"అదే! ఉండాది, బతికే ఉండాది," అన్నాడు అతను. "పేరు తెలీని వస్తువని విండోస్ దాన్ని పక్కన కూర్చోబెట్టింది. డ్రైవర్ లేదని చెప్పే గుర్తు అది. చిప్ పోలేదు."

రంజనికి సంతోషం రాలేదు. ముందు కోపమే వచ్చింది. అంగట్లో కూర్చుని ఇరవై నాలుగ్గంటలూ తెర చూసేవాడు. పసుపుపచ్చ గుర్తు వాడి ముందే ఉంది. కళ్ళున్నవాడికి ఒక్క చూపు పని. ఆ ఒక్క చూపు చూడకుండా బోర్డు పోయిందన్నాడు, పాటలు ఫోన్లో వినమన్నాడు!

"చూసినావా నాయనా," అంది. "అమ్మ చూసి చెప్పింది. వాడు చూడలేదు."

ధర్మలింగం "తప్పే," అన్నాడు. ఎవరి తప్పో చెప్పలేదు.

ఇప్పుడు డ్రైవర్ తెచ్చి పెట్టాలి. ఆ పనంతా ఫోన్ కెమెరాతో చేస్తే సాయంత్రం దాకా పడుతుంది. గుహన్ ఒక దారి చెప్పాడు. యూఎస్‌బీలో గుచ్చే హెడ్‌ఫోన్ ఉంటుంది. సౌండ్ చేసే సరంజామా దాని లోపలే ఉంటుంది కాబట్టి లాప్‌టాప్ చిప్‌తో దానికి పని లేదు. గుచ్చితే పలుకుతుంది. గుండ్రటి పిన్ను ఉండే మామూలు హెడ్‌ఫోన్ మాత్రం పనికి రాదు.

"నేను పోయి తెస్తాను," అన్నాడు ధర్మలింగం చొక్కా తగిలించుకుంటూ.

"ఇద్దరం పోదాం. అడిగేది నేను అడుగుతాను."

బస్టాండు దగ్గరి సెల్‌ఫోన్ అంగడిలో కుర్చీలో కూర్చున్న ఆడమనిషి, "ఏం కావాలి అయ్యా?" అని తమిళంలో ధర్మలింగాన్నే అడిగింది. ఆయన ఏదో అనబోయి ఆగాడు. రంజనికి ఆ ఆగడం వినిపించింది. ఆమె తనకు కావలసినదేమిటో చెప్పింది. గుండ్రటి పిన్ను వద్దు, చదరపు మొన కావాలంది. ఇచ్చినదాన్ని పెట్టెలోంచి తీసి, మొనను వేళ్ళతో తడిమి చూసుకుని, సరేనంది. తిరిగి వచ్చేటప్పుడు ధర్మలింగం అన్నాడు: "నీకు కష్టం తగ్గుతాదనే సార్‌తో అట్ల చెప్పినాను యమ్మా. వేరే ఏం లేదు."

"తెలుసు నాయనా. నా కష్టం నా దగ్గరే ఉండనీ. అది కూడా తీసేసుకుంటే నాకు ఏం మిగులుతాది?"

ఆమె కోపం పూర్తిగా పోలేదు, కానీ దాని పదును కొంచెం తగ్గింది.

ఇంటికి వచ్చి హెడ్‌ఫోన్ గుచ్చి, ఆ మూడు మీటలే నొక్కింది. చెవుల్లో గొంతు పలికింది. యంత్రం గొంతు, ముక్కుతో మాట్లాడే గొంతు. నిన్నటి నుంచి మూసుకుపోయిన ఇంట్లో ఎవరో కిటికీ తీసినట్టు అనిపించి, రంజని తల వెనక్కి వాల్చి నవ్వింది.

ఆ తర్వాత ఆమెకు ఎవరి సాయమూ అవసరం రాలేదు. లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ పేరును ఫోన్‌తో చదివించుకుంది. ఆ కంపెనీ వెబ్‌సైట్‌కు పోయి, ఆ మోడల్ పేజీ వెతికి, సౌండ్ డ్రైవర్ దించుకుంది. మొదటిసారి పెట్టినప్పుడు సగంలో ఆగి, కుదరదంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ కుదరదంది. గుహన్‌కు ఫోన్ చేస్తే అతను భోజనం చేస్తూ, ముందు బోర్డు మొత్తానికి పనికొచ్చే చిప్‌సెట్ డ్రైవర్ పెట్టు, ఆ తర్వాత సౌండ్‌ది పెట్టు, వరస తప్పితే కొన్ని మోడళ్ళు ఒప్పుకోవు అన్నాడు. అలాగే చేసింది. లాప్‌టాప్‌ను ఆపి, మళ్ళీ తెరిచి, హెడ్‌ఫోన్ పీకేసింది.

స్పీకర్లలోంచి గొంతు గట్టిగా పలికింది. పక్క గదిలో రాట్నం ఆగిపోయింది.

"వచ్చేసిందా?" అని సరసమ్మ పరుగున వచ్చింది. వెనకనే ధర్మలింగం. ఆయన చాలాసేపు నిలబడి ఆ గొంతు వేగంగా చదువుకుంటూ పోవడాన్ని విన్నాడు. ఇన్నేళ్ళుగా అదే ఇంట్లో ఉన్నా, కూతురు ఏం చేస్తుందో ఆయన ఎప్పుడూ అంతసేపు నిలబడి వినలేదు.

"ఇంత సీక్రం చదువుతాంది. నీకు అర్థం అవుతాదా యమ్మా?"

"ఇంకా సీక్రంగా పెట్టుకుంటాను నాయనా. ఇది మీకోసం మెల్లగా పెట్టినాను."

ఆ రాత్రి ఆమె కడుపునిండా తిన్నది. ఆదివారమంతా కూర్చుని ప్రశ్నపత్రం రాసింది. ఎవరూ రాయమనలేదు. రాయొద్దన్న పేపరే అది.

సోమవారం పొద్దున హెడ్‌మాస్టర్ మోహన్‌రాజ్ గదిలోకి పోయింది. ఆయనదీ తెలుగు ఇల్లే. టీచర్లతో రెండు భాషలూ కలిపి మాట్లాడతాడు.

"రామ్మా, కూర్చో. లాప్‌టాప్ పోయిందంట కదా. పరవాలేదు, నువ్వేం కవలైపడొద్దు. యశస్విని చూసుకుంటాది."

కవలై అంటే తమిళంలో దిగులు. రంజని కూర్చోలేదు.

"సార్, పేపర్ నాకిచ్చినారు. వెనక్కి తీసుకునేటప్పుడు నన్ను అడిగినారా?"

"మీ నాన్నతో మాట్లాడినాను కదమ్మా."

"పేపర్ మా నాయనకి ఇచ్చినారా సార్?"

మోహన్‌రాజ్ కుర్చీ కిర్రుమంది.

"గోపాలన్ సార్ స్కూటర్ రిపేర్ అయితే, ఆయన క్లాసులు తీసేయమని మీరు వాళ్ళ నాయనకి ఫోన్ చేస్తారా? నా ఫోన్ నంబర్ ఆఫీసులో ఉండాది. నన్ను అడిగి ఉంటే రెండు రోజుల్లో ఇస్తానని చెప్పి ఉంటాను. ఇదో, ఇచ్చేసినాను." పెన్ డ్రైవ్ బల్ల మీద పెట్టింది.

"నీ మేలు కోరే చేసినానమ్మా," అన్నాడు ఆయన, నొచ్చుకున్నట్టు.

"తెలుసు సార్. మేలు కోరేవాళ్ళే ముందర నన్ను అడగకుండా చేస్తారు."

మాట మరీ కటువుగా వచ్చిందేమోనని ఆమెకు అనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు. మోహన్‌రాజ్ పెన్ డ్రైవ్ అందుకున్న చప్పుడు వినిపించింది. యశస్విని మేడంను పిలిపించాడు. ఆమె వచ్చి సంగతి విని, "అయ్యో, నేను ఇంకా మొదలే పెట్టలేదు అక్కా! తొమ్మిదో తరగతి పేపర్‌తోనే తల తిరుగుతాంది. నువ్వు రాసింటే నాకు పండగే," అంది. మోహన్‌రాజ్ గొంతు సవరించుకుని, చదివి చూస్తానన్నాడు. చదివి చూశాడు. మధ్యాహ్నానికి, రెండు చిన్న మార్పులతో, ఆ పేపరే ఖాయమైంది. ఈసారి ఆ మాట రంజని ఫోన్‌కే వచ్చింది.

సాయంత్రం ఆమె గుణ అంగడికి పోయింది. పోకపోయినా ఎవరూ అడగరు. తన పని అయిపోయింది. కానీ ఆ నవ్వు చెవిలోంచి పోలేదు.

"వాంగ, రండి, ఎవరితో వచ్చినారు?" అన్నాడు గుణ, ఆమె వెనక్కి చూస్తూ కాబోలు.

"నాతోనే వచ్చినాను."

ఈసారి మాట్లాడటానికి అతనికి ఇంకెవరూ లేరు. రంజని లాప్‌టాప్ బల్ల మీద పెట్టి తెరిచింది. గొంతు పలికింది, అంగడంతా వినపడేటట్టు.

"చిప్ పోయిందన్నారు. బోర్డు మార్చల్లన్నారు. ఇది ఏ బోర్డు నుంచి పలుకుతాంది?"

గుణ లాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకున్నాడు. "డ్రైవర్ ఏసినారా?" అన్నాడు.

"మీరు ఏయల్సింది. చూడను కూడా చూడలేదు."

"రోజుకి ఎన్ని మెషిన్లు వస్తాయో తెలుసా మేడం? ఒక్కోదానికి ఒక్కో డ్రైవర్ వెతికేదానికి టైం యాడ ఉండాది? సౌండ్ లేదంటే చానామంది పరవాలేదు అనేసి పోతారు."

"పోతారు. మీరు బోర్డు పోయిందంటే నమ్మి పోతారు. పనికొచ్చే మెషిన్‌ని మూల పెట్టేస్తారు. తెలీదు అని చెప్పొచ్చు కదా? టైం లేదు అని చెప్పొచ్చు కదా? తెలిసినట్టు అబద్ధం ఏమిటికి చెప్పల్ల?"

"అబద్ధం అని చెప్పొద్దు. నేను అట్లాంటోణ్ణి కాదు," అతని గొంతు కూడా లేచింది.

"అట్లయితే ఇంకోసారి చూసి చెప్పండి. అంతకంటే నాకేం అక్కర్లేదు. ఆ తర్వాత ఇంకొక మాట. మీ అంగడికి ఎవరు వస్తువు తెస్తారో వాళ్ళతో మాట్లాడండి. వాళ్ళ పక్కన ఉండేవాళ్ళతో కాదు."

గుణ సారీ చెప్పలేదు. బల్ల మీది స్క్రూలను ఏదో డబ్బాలో వేస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. రంజని లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది. మెట్ల దగ్గరికి వచ్చాక వెనక నుంచి అతను, "మేడం, మొదట చిప్‌సెట్ ఏసినారా, సౌండే ఏసినారా?" అని అడిగాడు. గొంతులో పౌరుషం ఇంకా ఉంది, అయినా అడిగాడు.

చెప్పకుండా పోదామనుకుంది. రెండు మెట్లు దిగింది కూడా. తర్వాత ఇంకెవరిదో మెషిన్ ఇలాగే మూల పడుతుందని తోచి, వెనక్కి తిరిగి, "చిప్‌సెట్ ముందర," అని చెప్పి వచ్చేసింది.

పరీక్ష రోజున, గంట కొట్టాక, పిల్లలు గుంపులు గుంపులుగా వరండాలోకి వచ్చారు. రంజని గోడ పక్కగా టీచర్ల గదికి పోతోంది. పదో తరగతి పిల్ల ప్రీతిక గొంతు వినిపించింది, ఆ పిల్ల రంజనిని చూసినట్టు లేదు:

"ఆ పెద్ద ప్రశ్న చూసినావా? రెండు పాఠాలు కలిపేసినారే! ఈ పేపర్ ఎవరు రాసినారో గానీ, కొంచెం కూడా జాలి లేదు."

రంజని కర్రను నెమ్మదిగా నేలకు ఆనించి, ఆ పిల్లలు మలుపు తిరిగే దాకా అక్కడే నిలబడింది. ఆ తర్వాత దిద్దాల్సిన జవాబు పత్రాల సంగతి అడగడానికి ఆఫీసు వైపు నడిచింది.